ఎలక్ట్రానిక్ ఓటింగ్ ప్రమాణాలు: సాంకేతిక నిపుణుల ఎంపిక, కూర్పు, పాత్ర

నిర్వచనం, పరిధి

ఓటును నమోదు చేసి, దాచి, లెక్కించే యంత్రం ఎలా ఉండాలో, వాడకానికి ముందు ఏయే పరీక్షలకు నిలబడాలో చెప్పే నియమావళిని ఎలక్ట్రానిక్ ఓటింగ్ ప్రమాణం అంటారు. ఈ నియమావళిని రూపొందించడానికో, యంత్రం నమూనాను పరిశీలించి ఆమోదించడానికో ఎన్నికల సంస్థ నియమించుకునే శాస్త్రవేత్తలు, ఇంజినీర్లు, ఎన్నికల అధికారుల బృందమే సాంకేతిక నిపుణుల కమిటీ. సాధారణంగా దీనిది సలహా ఇచ్చే అధికారమే. తుది నిర్ణయం ఎన్నికల సంస్థదో చట్టసభదో అవుతుంది.

కాగితం బ్యాలట్ల కాలంలో ఈ కమిటీల అవసరం లేదు. డబ్బా ఖాళీగా ఉందో లేదో, కట్టలు సరిగా కట్టారో లేదో పార్టీ ఏజెంటు కళ్లతో చూసుకునేవాడు. చిప్ లోపల జరిగే లెక్క కంటికి కనబడదు. కోట్లమంది తరఫున లోపలికి చూసే పని కొద్దిమంది చేతికి వెళ్తుంది కాబట్టే, ఆ కొద్దిమందిని ఎవరు, ఏ పద్ధతిలో ఎంచుకుంటారన్నది యంత్రం నాణ్యతతో సమానమైన ప్రశ్న.

ఇక్కడ మూడు పాత్రలను వేరుగా చూడాలి. ప్రమాణం రాసేవారు మొదటివారు. ఆ ప్రమాణం ప్రకారం యంత్రాన్ని పరీక్షించే ప్రయోగశాలలు రెండోవి. ఎవరి నియామకమూ లేకుండా బయటి నుంచి లోపాలు వెతికే స్వతంత్ర పరిశోధకులు మూడోవారు. ఈ వ్యాసం ప్రధానంగా మొదటివారి గురించి. అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో ఈ ఎంపికకు చట్టమే రూపం ఇచ్చింది గనుక వివరణ అక్కడి నుంచి మొదలవుతుంది.

చరిత్ర

ఓట్ల లెక్కింపులో కంప్యూటర్ల వాడకంపై తొలి సమగ్ర ప్రభుత్వ అధ్యయనాన్ని 1975లో అమెరికా జాతీయ ప్రమాణాల బ్యూరోకు చెందిన రాయ్ సాల్ట్‌మన్ రాశారు. 1988లో ఆయనే మరో నివేదిక ఇచ్చారు. పంచ్ కార్డుల నుంచి పూర్తిగా విడిపోని కాగితపు తునకలు లెక్కను తప్పించగలవన్న హెచ్చరిక ఆ నివేదికలో ఉంది. 1990లో ఫెడరల్ ఎన్నికల కమిషన్ తొలి జాతీయ ప్రమాణాలను వెలువరించింది. వాటిని పాటించాలన్న నిర్బంధం రాష్ట్రాలకు లేదు. 1994 నుంచి రాష్ట్ర ఎన్నికల డైరెక్టర్ల జాతీయ సంఘం స్వతంత్ర పరీక్షా సంస్థలకు గుర్తింపు ఇస్తూ వచ్చింది.

2000 అధ్యక్ష ఎన్నికలో ఫ్లోరిడా ఫలితం 537 ఓట్ల తేడాతో తేలింది. సాల్ట్‌మన్ పన్నెండేళ్ల ముందు హెచ్చరించిన తునకలే అక్కడ వివాదానికి కేంద్రమయ్యాయి. పామ్ బీచ్ కౌంటీలో అభ్యర్థుల పేర్లను రెండు పుటల మీద ఎదురెదురుగా, రంధ్రాలను నడుమ అచ్చువేసిన బ్యాలట్ వేలమంది ఓటర్లను తికమక పెట్టింది. ఆ బ్యాలట్లో విద్యుత్ లోపం లేదు, సాఫ్ట్‌వేర్ లోపమూ లేదు. మనిషి కన్ను, చెయ్యి ఎలా పనిచేస్తాయో పట్టించుకోకపోవడమే దాని లోపం. తర్వాతి కమిటీల్లో మానవ కారకాల నిపుణులకు చోటు దక్కడానికి ఈ అనుభవం దారి వేసింది.

2002 అక్టోబరు 29న ‘హెల్ప్ అమెరికా ఓట్’ చట్టం అమల్లోకి వచ్చింది. నలుగురు సభ్యుల ఎన్నికల సహాయ కమిషన్‌తో పాటు మూడు సలహా సంఘాలను అది ఏర్పాటు చేసింది. 110 మంది రాష్ట్ర, స్థానిక ఎన్నికల అధికారులతో ప్రమాణాల బోర్డు, 37 మందితో సలహాదారుల బోర్డు, 15 మందితో సాంకేతిక మార్గదర్శకాల రూపకల్పన కమిటీ ఆ మూడు.

సాంకేతిక మార్గదర్శకాల కమిటీ: పదిహేను కుర్చీల లెక్క

జాతీయ ప్రమాణాలు, సాంకేతిక సంస్థ డైరెక్టర్ పదవి రీత్యా ఈ కమిటీకి అధ్యక్షులు. మిగతా 14 మందిని ఎన్నికల సహాయ కమిషన్, ఆ డైరెక్టర్ కలిసి నియమిస్తారు. ఎవరికి ఎన్ని స్థానాలో చట్టంలోనే ఉంది. ప్రమాణాల బోర్డు, సలహాదారుల బోర్డు, దివ్యాంగుల సౌకర్యాలను పర్యవేక్షించే యాక్సెస్ బోర్డు సమాన సంఖ్యలో సభ్యులను ఇస్తాయి. ఆచరణలో ఇది ఇద్దరేసి. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ, ఎలక్ట్రికల్ ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్ల సంస్థ ఐట్రిపుల్‌ఈ ఒక్కొక్క ప్రతినిధిని పంపుతాయి. రాష్ట్ర ఎన్నికల డైరెక్టర్ల సంఘం ఇద్దరిని ఎంపిక చేస్తుంది. ఆ ఇద్దరూ ఒకే రాజకీయ పార్టీకి చెందినవారు కాకూడదు. ఓటింగ్ వ్యవస్థల మీద శాస్త్ర, సాంకేతిక ప్రావీణ్యం ఉన్న ఇతరులకు మిగిలేవి నాలుగు స్థానాలు.

ఈ లెక్కను కొంచెం నిలిచి చూడాలి. పేరులో సాంకేతికం ఉన్నా, కేవలం విద్వత్తు ఆధారంగా వచ్చేవారు పదిహేనులో నలుగురే. ఎన్నికలు నడిపేవారు, దివ్యాంగుల పక్షాన మాట్లాడేవారు, ప్రమాణాల రచనలో చెయ్యి తిరిగిన సంస్థలవారు తక్కినవారు. ప్రయోగశాలలో పకడ్బందీగా కనిపించే నియమం తెల్లవారుజామున పోలింగ్ కేంద్రం తెరిచే సిబ్బందికి ఆచరణసాధ్యం కాకపోతే అది కాగితం మీదే ఉండిపోతుంది. ఈ కూర్పు వెనుక ఉన్న ఆలోచన అదే. యంత్రాలు తయారు చేసే కంపెనీలకు ప్రత్యేకించి స్థానం కేటాయించలేదన్నది కూడా గమనించదగ్గది.

సభ్యులకు జీతం లేదు, ప్రయాణ ఖర్చులు మాత్రమే చెల్లిస్తారు. 1972 నాటి ఫెడరల్ సలహా సంఘాల చట్టం ఈ కమిటీకి వర్తిస్తుంది. సభ్యత్వంలో భిన్న దృక్పథాలకు న్యాయమైన సమతూకం ఉండాలని, సమావేశాలు ప్రజలకు తెరిచి ఉండాలని ఆ చట్టం కోరుతుంది.

పని విధానం

కమిటీ సిఫారసు చేసిన ముసాయిదా ఎన్నికల సహాయ కమిషన్‌కు వెళ్తుంది. కమిషన్ దాన్ని ప్రచురించి ప్రజాభిప్రాయం కోరుతుంది. రెండు బోర్డులకు సమీక్షించే గడువు ఇస్తుంది. ఆ తర్వాత కనీసం ముగ్గురు కమిషనర్లు ఒప్పుకుంటేనే అది ప్రమాణం అవుతుంది. అప్పటికీ దాని పేరు ‘స్వచ్ఛంద ఓటింగ్ వ్యవస్థ మార్గదర్శకాలు’. వాటిని తప్పనిసరి చేయాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టం.

కమిషనర్ల నియామకమే 2003 డిసెంబరు దాకా జరగలేదు. సాంకేతిక కమిటీ తొలి సమావేశం 2004 జులై 9న జరిగింది. మొత్తం సభ్యుల నియామకం పూర్తయిన తొమ్మిది నెలల్లో తొలి సిఫారసులు ఇవ్వాలని చట్టం గడువు పెట్టడంతో పనిని ఉపసంఘాలుగా పంచుకున్నారు. భద్రత, పారదర్శకత ఒక ఉపసంఘం. మానవ కారకాలు, గోప్యత మరొకటి. మౌలిక నియమాలు, పరీక్షలు ఇంకొకటి. భద్రత ఉపసంఘానికి ఆర్‌ఎస్‌ఏ సంకేత పద్ధతి రూపకర్తల్లో ఒకరైన ఎం.ఐ.టి. ఆచార్యుడు రొనాల్డ్ రివెస్ట్ నాయకత్వం వహించారు. కమిటీ ముసాయిదా 2005 మేలో అందింది. ప్రజల నుంచి వచ్చిన వేలాది వ్యాఖ్యలను పరిశీలించి 2005 డిసెంబరు 13న కమిషన్ తొలి మార్గదర్శకాలను ఆమోదించింది.

ఎవరిని ఎంచుకున్నారన్నది ఏం రాశారన్నదాన్ని ఎలా మలుస్తుందో 2006లో బయటపడింది. ఆ ఏడాది రివెస్ట్, జాన్ వాక్ ‘సాఫ్ట్‌వేర్ స్వతంత్రత’ అనే భావనను ప్రతిపాదించారు. సాఫ్ట్‌వేర్‌లో ఎవరికీ తెలియకుండా చోటుచేసుకున్న మార్పు గానీ తప్పు గానీ ఎన్నికల ఫలితాన్ని ఎవరూ పట్టుకోలేని విధంగా మార్చగలిగే స్థితి ఉండకూడదన్నది దాని సారం. అంటే ఫలితాన్ని సరిచూడటానికి యంత్రం మాట ఒక్కటే ఆధారం కాకూడదు. డిసెంబరు 4న దీన్ని తప్పనిసరి చేయాలన్న ప్రతిపాదనపై ఓట్లు 6-6గా చీలి అది వీగిపోయింది. భద్రతకే ప్రాధాన్యం ఇచ్చినవారు ఒకవైపు, అప్పటికే కోట్ల డాలర్లు పోసి కొన్న యంత్రాల గతేమిటని ఆందోళన పడినవారు మరోవైపు నిలిచారు. మర్నాడు రాజీ తీర్మానం నెగ్గింది: రాబోయే తరం యంత్రాలకు సాఫ్ట్‌వేర్ స్వతంత్రత ఉండాలి, వాడకంలో ఉన్నవాటిని దాని పేరిట తొలగించనక్కర్లేదు. విద్వాంసులే కూర్చుంటే తొలిరోజే నెగ్గేదేమో, అధికారులే కూర్చుంటే చర్చకే వచ్చేది కాదేమో. మిశ్రమ కమిటీ కాబట్టి రెండు రోజుల్లో మధ్యేమార్గం దొరికింది.

ఆ తీర్మానం ప్రమాణంగా మారడానికి మాత్రం పద్నాలుగేళ్లు పట్టింది. 2007లో కమిటీ పంపిన ముసాయిదా ముందుకు సాగలేదు. 2010 చివర నుంచి 2015 ఆరంభం దాకా కమిషన్‌కు కోరమ్ లేక ప్రమాణాలపై ఓటు వేసే వీలే లేకపోయింది. 2015 మార్చి 31న సవరణ రూపం 1.1, 2021 ఫిబ్రవరి 10న 15 సూత్రాలతో రెండో తరం మార్గదర్శకాలు 2.0 ఆమోదం పొందాయి. సాఫ్ట్‌వేర్ స్వతంత్రత ఈ రెండోవాటిలో చేరింది. నిపుణులు ఎంత త్వరగా రాసినా, ఆమోదించాల్సిన కుర్చీలు ఖాళీగా ఉంటే ప్రమాణం పుట్టదు.

కావలసిన ప్రావీణ్యాలు

కంప్యూటర్ తెలిసినవారందరూ ఓటింగ్ భద్రత తెలిసినవారు కారు. బ్యాంకు లావాదేవీలో తప్పు దొర్లితే ఖాతాదారు పేరు పట్టుకుని వెనక్కి వెళ్లి సరిచేయవచ్చు. ఓటు రహస్యం కాబట్టి ఆ దారి మూసుకుపోయి ఉంటుంది. అందుకే ఈ రంగానికి సంకేత శాస్త్రం, ఎంబెడెడ్ వ్యవస్థల రూపకల్పన, దాడి చేసేవాడి కోణంలో ఆలోచించే భద్రతా పరిశోధన వేర్వేరుగా కావాలి. ఎన్ని యంత్రాల కాగితాలను లెక్కిస్తే ఫలితం సరైనదని నమ్మవచ్చో చెప్పడానికి గణాంక శాస్త్రవేత్త అవసరం. చూపు లేనివారు ఎవరి సాయమూ లేకుండా ఓటు వేయగలగాలంటే అందుబాటు నిపుణులు కావాలి. బ్యాలట్ అమరికకు వాడుక సౌలభ్య నిపుణులు, దుమ్ము, వేడి, కుదుపులకు తట్టుకునే పరీక్షలకు నాణ్యతా ఇంజినీర్లు, నిబంధనలను చట్టంతో ముడివేయడానికి న్యాయ నిపుణులు తోడవుతారు.

ప్రయోజనాల వైరుధ్యం

ఈ రంగం తెలిసినవారి సంఖ్య తక్కువ. వారిలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు కంపెనీలకు సలహా ఇచ్చి ఉంటారు. 2003లో జాన్స్ హాప్‌కిన్స్, రైస్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు డీబోల్డ్ టచ్‌స్క్రీన్ యంత్రం సోర్స్ కోడ్‌లో తీవ్ర లోపాలు చూపించారు. ఆ తర్వాత వారిలో ఒకరికి మరో ఓటింగ్ టెక్నాలజీ కంపెనీతో సలహాదారు సంబంధం ఉందని తెలిసింది. ఆయన ఆ పదవి నుంచి తప్పుకున్నారు. లోపాలు నిజమైనవే అయినా, సంబంధాన్ని ముందుగా వెల్లడించకపోతే చర్చ లోపాల మీద నుంచి మనిషి మీదికి మళ్లుతుందని ఆ ఉదంతం చూపింది.

అదే ఏడాది ఐట్రిపుల్‌ఈలో 2001 నుంచి ఓటింగ్ యంత్రాల ప్రమాణం రాస్తున్న పి1583 బృందం వివాదంలో పడింది. ముసాయిదాలో భద్రతా నియమాలు బలహీనంగా ఉన్నాయని, బృందంలో కంపెనీల వారి ప్రభావం ఎక్కువైందని పౌరహక్కుల సంస్థలు ఆరోపించాయి. ఆ ముసాయిదా ప్రమాణంగా వెలువడలేదు.

పెంటగాన్ విదేశాల్లోని ఓటర్ల కోసం తలపెట్టిన ‘సర్వ్’ ఇంటర్నెట్ ఓటింగ్ పథకం ఇందుకు భిన్నమైన ఉదాహరణ. సమీక్షకు పిలిచిన బృందంలోని నలుగురు, డేవిడ్ జెఫర్సన్, ఏవియల్ రూబిన్, బార్బరా సైమన్స్, డేవిడ్ వాగ్నర్, 2004 జనవరిలో పథకాన్ని ఆపేయాలని బహిరంగంగా రాశారు. కొద్ది రోజుల్లోనే ఆ ఎన్నికకు దాని వాడకం రద్దయింది. పిలిచినవారికి నచ్చని మాటను ప్రచురించే స్వేచ్ఛ సమీక్షకులకు ఉండటం వల్లే అది సాధ్యపడింది.

ఐరోపా అనుభవం

నెదర్లాండ్స్‌లో 2006లో రాప్ గాంగ్రైప్, ఆయన సహచరులు నెడాప్ యంత్రాల్లోని చిప్‌లను మార్చవచ్చని టీవీలో చూపించారు. ప్రభుత్వం రెండు కమిషన్లను వేసింది. గతాన్ని పరిశీలించిన హెర్మాన్స్ కమిషన్, మంత్రిత్వ శాఖలో సాంకేతిక పరిజ్ఞానం కొరవడి అది తయారీదారుల మీద ఆధారపడిపోయిందని 2007లో తేల్చింది. భవిష్యత్తును పరిశీలించిన కోర్టాల్స్ ఆల్టెస్ కమిషన్ అదే ఏడాది కాగితం ఆధారాన్ని కోరింది. దేశం తిరిగి కాగితం బ్యాలట్‌కు వెళ్లింది. ఐర్లాండ్ 2004లో హైకోర్టు న్యాయమూర్తి అధ్యక్షతన స్వతంత్ర కమిషన్ ఏర్పాటు చేసి, దాని నివేదిక మేరకు యంత్రాల వాడకాన్ని ఆపింది. 2009లో పథకాన్నే వదులుకుంది.

జర్మనీలో యంత్రాలను పరీక్షించినది దేశపు అత్యున్నత కొలతల సంస్థ.  అయినా 2009 మార్చి 3న సమాఖ్య రాజ్యాంగ న్యాయస్థానం ఆ యంత్రాల వాడకం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. ఎన్నికలోని ముఖ్యమైన దశలను, ఫలితాన్ని ప్రత్యేక సాంకేతిక జ్ఞానం లేని పౌరుడు సైతం సరిచూసుకోగలగాలని స్పష్టం చేసింది. నిపుణుల ఆమోదం పౌరుడి పరిశీలనకు ప్రత్యామ్నాయం కాదన్న ఈ తీర్పు, నిపుణుల కమిటీల పరిధికి న్యాయవ్యవస్థ గీసిన బలమైన గీత.

భారతదేశం

భారత ఈవీఎం కథ హైదరాబాద్‌తో ముడిపడి ఉంది. 1979లో తొలి నమూనాను తయారు చేసింది ఇక్కడి ఈసీఐఎల్. 1980 ఆగస్టు 6న ఎన్నికల సంఘం దాన్ని పార్టీల ప్రతినిధులకు చూపింది. బెంగళూరులోని బీఈఎల్ రెండో తయారీ సంస్థ. 1982 మే 19న కేరళలోని పరవూర్‌లో 50 పోలింగ్ కేంద్రాల్లో వాడారు. చట్టంలో ఆధారం లేదని 1984లో సుప్రీంకోర్టు ఆ వాడకాన్ని చెల్లదంది. యంత్రాల వాడకానికి వీలు కల్పిస్తూ 1988 డిసెంబరులో ప్రజా ప్రాతినిధ్య చట్టానికి 61ఎ సెక్షన్ చేర్చారు.

1990లో దినేశ్ గోస్వామి అధ్యక్షతన ఏర్పడిన ఎన్నికల సంస్కరణల కమిటీ, యంత్రాన్ని నిపుణులు పరిశీలించాలని కోరింది. అలా ఏర్పడిన తొలి బృందానికి రక్షణ పరిశోధనా రంగానికి చెందిన ఎస్. సంపత్ అధ్యక్షులు, ఐఐటీ ఢిల్లీకి చెందిన పి.వి. ఇందిరేశన్, తిరువనంతపురం ఎలక్ట్రానిక్స్ పరిశోధనా కేంద్రం డైరెక్టర్ రావు సి. కాసరబాద సభ్యులు. ఆలస్యం లేకుండా వాడవచ్చని 1990 ఏప్రిల్‌లో వారు ఏకగ్రీవంగా సిఫారసు చేశారు. 2005 డిసెంబరులో ఇందిరేశన్ అధ్యక్షతన రెండో కమిటీ వచ్చింది. ఐఐటీ ఢిల్లీ ఆచార్యులు డి.టి. సహానీ, ఎ.కె. అగర్వాలా అందులో ఉన్నారు. మీట నొక్కిన ప్రతిసారీ తేదీ, సమయం నమోదు కావడం, బ్యాలట్ యూనిట్ నుంచి కంట్రోల్ యూనిట్‌కు వెళ్లే సంకేతం మారుతూ ఉండటం వంటి మార్పులు 2006 తర్వాతి ఎం2 తరం యంత్రాల్లో చేరాయి. 2010లో ఐఐటీ బొంబాయికి చెందిన డి.కె. శర్మ, ఐఐటీ కాన్పూర్ నేపథ్యం ఉన్న రజత్ మూనాలతో కమిటీని విస్తరించారు.

అమెరికా పద్ధతితో పోలిస్తే ఇక్కడి తేడా స్పష్టం. ఎన్ని కుర్చీలు, ఏ రంగాల నుంచి అన్నది చట్టంలో లేదు. ఎంపిక పూర్తిగా ఎన్నికల సంఘానిది. సభ్యులు ప్రధానంగా ఐఐటీల ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ ఆచార్యులు. వారికి తయారీ సంస్థలతో వాణిజ్య సంబంధం లేకపోవడం ఈ పద్ధతి బలం. కమిటీ చిన్నది కావడం వల్ల నిర్ణయాలూ వేగంగా వస్తాయి. దివ్యాంగుల సంఘాలకు, గణాంకవేత్తలకు, దాడుల కోణంలో పనిచేసే భద్రతా పరిశోధకులకు నియమిత స్థానం లేకపోవడం, చర్చలు బహిరంగంగా జరగకపోవడం దాని పరిమితి.

ఈ పరిమితిపై గట్టి విమర్శ 2010లో వచ్చింది. హైదరాబాద్ ఇంజినీరు హరిప్రసాద్, మిచిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన జె. అలెక్స్ హాల్డర్‌మన్, రాప్ గాంగ్రైప్ తదితరులు ఒక ఈవీఎంను విప్పి పరిశీలించి, యంత్రం చేతికి చిక్కితే ఫలితాన్ని మార్చగల మార్గాలను ప్రచురించారు. నిపుణుల కమిటీలు తయారీ సంస్థల వివరణల మీద ఎక్కువగా ఆధారపడ్డాయని కూడా వారు రాశారు. కాపలా, సీళ్లు, యంత్రాల యాదృచ్ఛిక కేటాయింపు, మాక్ పోల్ వంటి పాలనాపరమైన రక్షణల మధ్య అలాంటి దాడి సాధ్యం కాదని ఎన్నికల సంఘం వాదన. ఒకరు యంత్రాన్ని మాత్రమే చూశారు, మరొకరు యంత్రం చుట్టూ ఉన్న ఏర్పాట్లతో కలిపి చూశారు. ప్రమాణం ఈ రెండింటిలో దేనికి వర్తించాలన్నదే అసలు భేదం.

2010 అక్టోబరు 4న జరిగిన అఖిలపక్ష సమావేశంలో కాగితపు ఆధారం కావాలన్న కోరిక వచ్చింది. సంఘం దాన్ని సాంకేతిక కమిటీకి అప్పగించింది. 2011 జులైలో లద్దాఖ్, జైసల్మేర్, చిరపుంజి, తిరువనంతపురం, తూర్పు ఢిల్లీల్లో ప్రయోగాలు జరిగాయి. చలి, ఎండ, వాన, తీరపు తేమ, నగరపు రద్దీ అన్నీ పరీక్షకు వచ్చేలా చేసిన ఎంపిక అది. 2013 ఫిబ్రవరిలో కమిటీ నమూనాను ఆమోదించింది. ఓటరుకు ఏడు సెకన్ల పాటు స్లిప్పు కనిపించే వీవీప్యాట్‌ను ఆ సెప్టెంబరులో నాగాలాండ్‌లోని నోక్‌సెన్ ఉపఎన్నికలో తొలిసారి వాడారు.

ఒక సాంకేతిక పరిమితి నేల మీద ఎలా పరీక్షకు వస్తుందో 2019లో నిజామాబాద్ చూపింది. రైతులు పెద్ద సంఖ్యలో నామినేషన్లు వేయడంతో లోక్‌సభ బరిలో 185 మంది నిలిచారు. ఎం2 యంత్రానికి నాలుగు బ్యాలట్ యూనిట్లు, అంటే 64 పేర్లే హద్దు. తర్వాతి తరం ఎం3కి 24 యూనిట్లు తగిలించవచ్చు. నోటాతో కలిపి 186 వరుసల కోసం ప్రతి కేంద్రంలో 12 యూనిట్లు పేర్చి పోలింగ్ జరిపారు.

లెక్కించాల్సిన స్లిప్పులపై నిపుణుల ప్రశ్న

వీవీప్యాట్ వచ్చాక ప్రశ్న ఎలక్ట్రానిక్స్ నుంచి గణాంక శాస్త్రానికి మారింది. 2019 మార్చిలో భారత గణాంక సంస్థ, చెన్నై గణిత సంస్థ, కేంద్ర గణాంక విభాగాలకు చెందిన నిపుణుల నివేదిక, దేశం మొత్తాన్ని ఒకే రాశిగా తీసుకుంటే 479 యంత్రాల తనిఖీ చాలునని చెప్పింది. సగం స్లిప్పులు లెక్కించాలంటూ నారా చంద్రబాబు నాయుడు, ఇతర ప్రతిపక్ష నేతలు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఏప్రిల్ 8న కోర్టు నియోజకవర్గ శాసనసభా విభాగానికి ఒకటిగా ఉన్న తనిఖీని ఐదుకు పెంచింది. గణాంకవేత్తలు దేశమంతటినీ ఒక కుప్పగా చూస్తే, ఫలితం తేలేది మాత్రం నియోజకవర్గం వారీగానే కదా అన్నది విమర్శకుల ప్రశ్న.

2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు వంద శాతం లెక్కింపు కోరికను తోసిపుచ్చింది. రెండు, మూడు స్థానాల్లో నిలిచిన అభ్యర్థులు కోరితే ప్రతి శాసనసభా విభాగంలో ఐదు శాతం యంత్రాల మైక్రోకంట్రోలర్ మెమరీని ఫలితాల తర్వాత పరిశీలించవచ్చని ఆదేశించింది. ఆ పరిశీలనను తీర్పు తయారీ సంస్థల ఇంజినీర్ల బృందానికే అప్పగించింది.